ఎవరి పట్టాకు పరీక్ష?
విదేశీ వైద్యవిద్య - రాజంపేట దళితవాడలు

రాజంపేట, కోడూరు, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్‌కు వలసపోయినవాళ్ళలో మన వాడల ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. పరాయి ఇళ్ళల్లో వంటపని, పాచిపని చేసి పంపిన డబ్బుతో ఇక్కడ మిద్దెలు లేచాయి, పెళ్ళిళ్ళు జరిగాయి. ఆ డబ్బులో కొంత ఇప్పుడు రష్యా, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్ మెడికల్ కాలేజీల ఫీజుగా పోతోంది. తల్లి ఒక దేశంలో, బిడ్డ ఇంకో దేశంలో. ఆ బిడ్డ పట్టాతో తిరిగొస్తే డాక్టరయినట్టేనా? కాదు, ముందు ఒక పరీక్ష దాటాలి. తప్పినవాళ్ళను 'డబ్బు పెట్టి పట్టా కొన్నోళ్ళు' అనడం మామూలైపోయింది. ఈ మాటకు జవాబు చరిత్రలో వెతకాలని మేం భావిస్తున్నాం.

పట్టాను గుర్తించడమనేది ఏనాడూ వైద్యజ్ఞానానికి మాత్రమే సంబంధించింది కాదు. వలసపాలనలో బ్రిటన్‌లో చదివిన డాక్టరుకు ఇక్కడ అడ్డులేదు. కడప జిల్లా జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో మన పెద్దలకు వైద్యం చేసింది అట్లాంటి డాక్టర్లే. ఆ మేలు మరవలేం. కానీ ఇక్కడి పట్టా సంగతి వేరు. 1930లో బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్ భారతీయ వైద్య పట్టాలకు గుర్తింపు తీసేసింది. ఈ దేశపు డాక్టర్లు దాన్ని అవమానంగా తీసుకున్నారు. 1933 చట్టంతో మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. అంటే కొలిచేవాడి అధికారాన్ని ప్రశ్నించడంతోనే మన కౌన్సిల్ చరిత్ర మొదలైంది!

1960లో మాస్కోలో పెట్టిన ప్రజామైత్రి విశ్వవిద్యాలయం పేద దేశాల పిల్లలను ఉపకారవేతనాల మీద చదివించింది. 1991లో సోవియట్ యూనియన్ కూలాక అక్కడి వైద్యవిద్య కూడా సరుకైంది, ఏజెంట్లు దిగారు. 2001లో మెడికల్ కౌన్సిల్ చట్టాన్ని సవరించి, 2002 నుంచి స్క్రీనింగ్ టెస్టు పెట్టారు. 300 ప్రశ్నలు, ఇంగ్లీషులోనే. 150 మార్కులొస్తే పాసు. 2015-18 మధ్య 61,708 మంది రాస్తే 8,764 మంది, అంటే నూటికి పద్నాలుగు మంది గట్టెక్కారు. అయితే అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఎంబీబీఎస్ స్థాయి చదువూ, ఆపైన పీజీ కూడా చేసి అక్కడ గుర్తింపు పొందినవాళ్ళకు 2002 నిబంధనలు ఈ పరీక్షను మినహాయించాయి. పాత వలస నీడ ఇంకా పోలేదు.

మన పిల్లలు అంత దూరం ఎందుకు పోవాల్సొచ్చింది? 2006లో రిమ్స్ వచ్చేదాకా కడప జిల్లాలో ప్రభుత్వ వైద్య కళాశాలే లేదు. కర్నూలుకో తిరుపతికో పోవాల. ప్రైవేటు కాలేజీల మేనేజిమెంటు, ఎన్నారై సీట్లలో రిజర్వేషను లేదు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పీజీకి, పీహెచ్‌డీకేగాని ఎంబీబీఎస్‌కు రాదు. ఇక మిగిలింది కువైట్ డబ్బు, వడ్డీ అప్పు. పైగా 2018 నుంచి విదేశానికి పోవాలన్నా నీట్‌లో అర్హత సాధించాల్సిందే. అట్లాంటప్పుడు 'కొన్న పట్టా' అనే మాట ఎవరికి వర్తిస్తుంది? దేశంలోనే మేనేజిమెంటు సీటు కొన్నవాడు చదువయ్యాక ఇట్లాంటి పరీక్ష రాయనక్కర్లేదు. అందరికీ ఒకే పరీక్ష 'నెక్స్ట్' పెడతామని 2019 చట్టం చెప్పింది, కానీ అది వాయిదా పడుతూ వచ్చింది. ప్రతిభను కొలవాలనే పట్టుదల డబ్బున్నవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఎందుకు సడలింది?

పరీక్ష వద్దని మేం అనడం లేదు. సర్కారు ఆసుపత్రి వరండాలో పడుకునేది మనవాళ్ళే. చదువురాని డాక్టరు చేతిలో ముందు చచ్చేదీ మనవాళ్ళే. పాసుమార్కు తగ్గించమనీ అడగడం లేదు. అడుగుతున్నదల్లా ఆ మార్కు దాకా పోయే దారి గురించే.

అక్కడ రోగితో మాట్లాడాల్సింది రష్యను భాష. ఇక్కడ అడిగేది మన క్షయ నివారణ కార్యక్రమం, మన టీకాల పట్టిక. పంతొమ్మిది సబ్జెక్టులు మళ్ళీ మొదట్నుంచి చదవాలి. డాక్టరు కొడుకైతే ఇంట్లో కూర్చొని చదువుకుంటాడు, నాన్న నర్సింగ్‌హోంలో కేసులు చూస్తాడు. మన పిల్లవాడు హైదరాబాదుకో ఢిల్లీకో పోయి కోచింగు ఫీజు, హాస్టలు అద్దె కట్టాలి. ఒకసారి తప్పితే ఇంకో ఆర్నెల్లు. అక్కడ తల్లి 'ఇంకో రెండేండ్లు ఉండొస్తాలే నాయనా' అంటుంది. రిజిస్ట్రేషను లేనిదే వైద్యం చేయడం చట్టవిరుద్ధం. అయినా తక్కువ జీతానికి రాత్రి డ్యూటీ పెట్టుకునే ఆసుపత్రులున్నాయి. పట్టుబడితే నేరం మాత్రం పిల్లవాడిది.

ఇంకో సంగతి గమనించాలి. 2015-18 ఫలితాలను దేశాలవారీగా, కాలేజీలవారీగా ప్రకటించారు. కులంవారీ లెక్క అందులో లేదు. మనవాళ్ళు ఎందరు పోయారు, ఎందరు తిరిగొచ్చారు, ఎన్నోసారికి పాసయ్యారు, ఎందరు మధ్యలో వదిలేశారు అన్నది ఎక్కడా రాసి లేదు. లెక్కలో లేనివాళ్ళకు పథకాలుండవు. అందుకే ఈ లెక్కను ప్రభుత్వం బయటపెట్టాలి. ఎస్సీ స్టడీ సర్కిళ్ళలో ఈ పరీక్షకు ఉచిత శిక్షణ, భృతి ఇవ్వాలి. అది వచ్చేదాకా మనం చేతులు ముడుచుకోనక్కర్లేదు. రాజంపేటలోని ఉపాధ్యాయులు, విద్యార్థి సంఘాలు వాడవాడా తిరిగి ఈ లెక్క రాయడం మొదలుపెట్టొచ్చు. పాసైన పిల్లలు వెనకవాళ్ళకు పుస్తకాలిచ్చి, పక్కన కూర్చోబెట్టుకొని చదివించవచ్చు. కువైట్‌లో అంట్లు తోమిన చేతుల చెమటకు ఆ మాత్రం లెక్క చెప్పాల్సిన బాధ్యత మనందరిదీ.