చలికాలంలో చేతుల పగుళ్లు

అరచేతులు, మునివేళ్లు, వేళ్ల కణుపుల మీద చర్మం తేమ కోల్పోయి, గరుకెక్కి, చివరికి నెర్రెలిచ్చే స్థితినే చేతుల పగుళ్లు అంటారు. తెలుగునాట కార్తీకం దాటాక మొదలయ్యే ఈ బాధ శివరాత్రి దాకా వదలదు. ముందు చేతి వెనకభాగం తెల్లబారుతుంది, గోటితో గీస్తే గీత నిలుస్తుంది. ఆ తర్వాత పొట్టు లేస్తుంది. అప్పుడు కూడా పట్టించుకోకపోతే బొటనవేలి పక్కన, గోటి మూల దగ్గర సన్నగా చీలిక పడుతుంది. చూడటానికి అది గీత మాత్రమే. పచ్చిమిర్చి కోసిన చేతికి, చింతపండు పిసికిన చేతికి మాత్రం అది ఎంత లోతుందో తెలుస్తుంది.

అన్నిటికంటే పైన ఉండే చర్మపు పొర మృతకణాలతో ఏర్పడిన గోడ. కణాలు ఇటుకలైతే, వాటి మధ్య సున్నంలా పట్టి ఉంచేవి సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. కణాల లోపల యూరియా, అమైనో ఆమ్లాలు, లాక్టేట్ వంటి పదార్థాలు నీటిని పట్టి ఉంచుతాయి. మిగతా ఒంటికి నూనె గ్రంథులు కొంత అండగా ఉంటాయి. అరచేతిలో చెమట గ్రంథులు బోలెడు ఉన్నా నూనె గ్రంథి ఒక్కటీ లేదు. రోజంతా నీళ్లలో, సబ్బులో, మట్టిలో మెలిగే చోటుకే సొంత రక్షణ తక్కువన్నమాట.

ఈ పొర మెత్తగా ఉండాలంటే అందులో కనీసం పదో వంతు నీరుండాలి. దీన్ని తేల్చినవారు అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ బ్లాంక్. ఎండి బిరుసెక్కిన చర్మపు ముక్కలను ఆయన నూనెల్లో నానబెట్టి చూశారు, అవి మెత్తబడలేదు. నీరు తగిలినప్పుడే వంగాయి. 1952లో వెలువడిన ఆ పరిశోధన చికిత్స ఆలోచననే మార్చింది. పగిలిన చేతికి అసలు కొరత నీటిది. నూనె, వెన్న, వ్యాజలీన్ చేసే పని ఆ నీరు ఆవిరైపోకుండా ఆపడం. పొడిబారిన చేతికి ఎంత నూనె రుద్దినా గంటలో మళ్లీ గరుకెక్కడానికి కారణం ఇదే.

మరి నీరే మందయితే, రోజూ గిన్నెలు తోమే చేతులు ఎందుకు పగులుతాయి? చేతులు నీళ్లలో నానుతున్నంత సేపూ చర్మంలోని తేమను పట్టే పదార్థాలు కరిగి నీళ్లతోపాటు బయటికి పోతాయి. సబ్బు తోడైతే కణాల మధ్య కొవ్వు కూడా కరుగుతుంది. చర్మం సహజంగా కొంచెం ఆమ్లగుణంతో, 5కు అటూ ఇటూ పీహెచ్‌తో ఉంటుంది. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. వేడినీళ్లయితే నష్టం ఇంకా ఎక్కువ. చేయి తడిసినప్పుడు వచ్చిన నీరు తుడవకుండా వదిలేస్తే ఆవిరవుతూ పోతుంది, అడ్డుకునే కొవ్వు అప్పటికే ఉండదు. అందుకే చలికాలపు పగుళ్లలో సగం నేరం చలిదైతే, సగం సబ్బునీళ్లది.

చలి చేసే పని గాలిలోని తేమను తగ్గించడం. ఘనమీటరు గాలి 30 డిగ్రీల వద్ద సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు, సున్నా డిగ్రీల వద్ద 5 గ్రాములు కూడా మోయలేదు. సముద్రపు తేమ ఉన్న విశాఖపట్నంలో కంటే ఆదిలాబాద్‌లో, లంబసింగిలో చేతులు ముందుగా పగలడం అందుకే. చికాగో, మిన్నియాపొలిస్ వంటి నగరాల్లో ఉండే తెలుగువారికి తిప్పలు మరో రకం. బయటి సున్నా డిగ్రీల గాలి ఇంట్లోకొచ్చి హీటరుతో 20 డిగ్రీలకు వేడెక్కితే, దానిలో తేమ శాతం 30 లోపే ఉంటుంది. ఇంట్లో వెచ్చగా ఉన్నా చర్మానికి అది ఎడారి గాలే. అక్కడివారు గదిలో తేమయంత్రం పెట్టుకోవడం విలాసం కోసం కాదు.

ధనుర్మాసంలో ఈ కారణాలన్నీ ఒకే చేతి మీద పడతాయి. తెల్లవారకముందే కళ్లాపి చల్లిన తడిచేత్తోనే ముగ్గుపిండి పట్టుకుంటారు. ఆ పొడి మిగిలిన తేమను పీల్చేస్తుంది. తర్వాత గిన్నెలు, బట్టలు. ఇంటిల్లిపాదిలో పగుళ్లు ముందుగా ఆడవాళ్ల చేతులకే రావడంలో వింత లేదు, ఆ పని పంచుకోవడం కూడా చికిత్సలో భాగమే.

లేపనాల చరిత్ర పాతది. రెండో శతాబ్దపు రోమన్ వైద్యుడు గేలెన్ తేనెమైనం, గులాబీ తైలం, నీరు కలిపి చేసిన లేపనం నేటి కోల్డ్ క్రీములకు మూలమంటారు. ఆయుర్వేదంలోనూ పగుళ్లకు నువ్వుల నూనె, మైనం కలిపిన లేపనాలున్నాయి. ఎక్కడి వైద్యమైనా నూనెకు మైనం జోడించడంలో సూత్రం ఒకటే, మైనం ఉంటే పూత తొందరగా జారిపోదు. 1859లో రాబర్ట్ చీజ్‌బ్రో అనే యువ రసాయన శాస్త్రవేత్త పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ చమురు బావుల దగ్గరికి వెళ్లాడు. తవ్వే కడ్డీలకు పేరుకునే జిగట మైనాన్ని కూలీలు విసుక్కుంటూనే గాయాలకు, కాలిన చోట్లకు రాసుకోవడం చూశాడు. దాన్ని శుద్ధిచేసి 1872లో వ్యాజలీన్ పేరుతో పేటెంట్ పొందాడు. చర్మం నుంచి నీరు పోకుండా ఆపడంలో దాన్ని మించిన చవక పదార్థం నేటికీ లేదు. 1911లో జర్మనీలో గొర్రెల ఉన్ని కొవ్వు నుంచి తీసిన యూసెరిట్‌తో నీవియా వచ్చింది, నూనెలో నీటిని విడిపోకుండా నిలిపిన క్రీము అది. మన దేశంలో 1929లో కలకత్తాలో గౌరమోహన్ దత్తా మొదలుపెట్టిన బోరోలిన్ ఆకుపచ్చ ట్యూబు తరాల తరబడి ఇళ్లలో ఉంది.

ఈ రోజు దుకాణంలో దొరికే క్రీముల్లో మూడు రకాల పదార్థాలుంటాయి. గ్లిజరిన్, యూరియా నీటిని పట్టుకుంటాయి. వ్యాజలీన్, మైనం, ఉన్ని కొవ్వు నీటిని కప్పి ఉంచుతాయి. సెరమైడ్ల వంటివి గోడలో ఖాళీలు పూడుస్తాయి. గరుకుతనానికి 5 నుంచి 10 శాతం యూరియా చాలు. అంతకంటే గాఢమైనది మందమెక్కిన చర్మాన్ని కరిగించడానికి ఉద్దేశించింది, పచ్చి పగులు మీద రాస్తే మంటపుడుతుంది. పొడిగాలిలో గ్లిజరిన్ ఒక్కటే రాస్తే లోపలి నీటినే పైకి లాగే అవకాశం ఉంది. నీళ్లు కలిపి రాసి, పైన వ్యాజలీన్ పూయడం మంచిది.

ఇంట్లోని నూనెలన్నీ ఒకలాంటివి కావు. పొడి చర్మంపై కొబ్బరి నూనె మినరల్ ఆయిల్‌తో సమానంగా పనిచేసిందని 2004లో వెలువడిన ఫిలిప్పీన్స్ పరిశోధనలో తేలింది. ఆలివ్ నూనె చర్మపు రక్షణ పొరను బలహీనపరచిందని, పొద్దుతిరుగుడు నూనె ఆ హాని చేయలేదని బ్రిటన్‌లోని షెఫీల్డ్ పరిశోధకులు 2013లో చూపారు. ఖరీదైన సీసా కంటే వంటింటి సీసా మేలైన సందర్భం ఇది. నిమ్మచెక్కతో, ఉప్పుతో, చక్కెరతో, వంటసోడాతో పగిలిన చేతులను రుద్దమనే చిట్కాలను మాత్రం వదిలేయాలి. మెకానిక్కులు గ్రీసు పోవడానికి కిరోసిన్‌తోనో పెట్రోలుతోనో చేతులు కడుక్కోవడం కూడా అంతే హానికరం, ఉన్న కాస్త కొవ్వునూ అది కడిగేస్తుంది. ముందు వంటనూనె రుద్ది, మెత్తని సబ్బుతో కడిగితే గ్రీసు పోతుంది.

ఏ లేపనమైనా చేతులు కడిగి, ఒత్తి తుడిచిన రెండు మూడు నిమిషాల్లో, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే రాయాలి. చూపుడువేలి చివరి కణుపు పొడవునా ట్యూబు నుంచి పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది, ఒక చేతికి రెండు వైపులా అది సరిపోతుంది. రాత్రి పద్ధతికి ఎక్కువ ఫలితం ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో అయిదు నిమిషాలు చేతులు నానబెట్టి, తుడిచి, వ్యాజలీన్ దట్టంగా పూసి, నూలు చేతొడుగులు వేసుకుని పడుకోవాలి. చేతొడుగులు లేకపోతే పాత నూలు సాక్సులు చాలు. వారం రోజులకు మునివేళ్లలో తేడా తెలుస్తుంది. నొప్పిపుట్టే చీలిక మీద వ్యాజలీన్ పెట్టి ప్లాస్టర్ అంటిస్తే, వేలు వంగినప్పుడల్లా అది మళ్లీ తెరుచుకోదు. గిన్నెలు తోమేటప్పుడు రబ్బరు చేతొడుగులు వేసుకుంటే మేలే, లోపల నూలువి ఉంటే ఇంకా మేలు. గంటల తరబడి ఉంచితే లోపలి చెమటే చర్మాన్ని నానబెడుతుంది.

శానిటైజర్ చేతుల్ని పాడుచేస్తుందన్నది పూర్తిగా నిజం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మిశ్రమంలో 1.45 శాతం గ్లిజరిన్ ఉంటుంది. పగుళ్ల మీద మండినా, మాటిమాటికీ సబ్బుతో కడగడం కంటే అది తక్కువ హానికరం.

కొన్ని వృత్తుల్లో పగిలిన చేయి నేరుగా కూలి మీద దెబ్బకొడుతుంది. పోచంపల్లి, గద్వాల, ధర్మవరం మగ్గాల మీద పనిచేసే నేతకారుడి వేలికి పట్టుదారం చిక్కితే పోగు లేస్తుంది. పని మధ్యలో నూనె రాస్తే బట్టకు మరక పడుతుంది కనుక లేపనం పని దిగాకే రాసుకోవాలి. తడి సిమెంటు పీహెచ్ 12 పైనే, అందులోని క్రోమియం కొందరు తాపీ మేస్త్రీలకు అలర్జీ పుట్టిస్తుంది, వాళ్లకు క్రీము ఒక్కటే సరిపోదు. ఇక రేషన్ దుకాణంలో, పింఛను దగ్గర పొడి వేలు వేలిముద్ర యంత్రపు పలకకు సరిగా ఆనదు, గీతలు తెగి కనిపిస్తాయి. వేలును కాస్త తడిగుడ్డతో అద్ది మళ్లీ పెడితే చాలాసార్లు పనవుతుంది. కాకపోతే కనుపాప పరికరం ఉందేమో అడగాలి. వేలు అరిగిందని తిండిగింజలు ఆగకూడదు.

అన్ని పగుళ్లూ చలివి కావు. వెల్లుల్లి ఒలిచే కుడిచేతి వాటం వారిలో ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలి కొసలు మాత్రమే పగిలితే అది వెల్లుల్లి అలర్జీ కావచ్చు. ఒక్క అరచేయి, రెండు పాదాలు పొట్టు లేస్తుంటే ఫంగస్‌ను అనుమానించాలి. సోరియాసిస్, థైరాయిడ్ లోపం, మధుమేహం కూడా చర్మాన్ని ఎండబెడతాయి. పగులు చుట్టూ ఎర్రబడి వాచినా, చీము పట్టినా, రెండు వారాల జాగ్రత్త తర్వాత కూడా తగ్గకపోయినా చర్మవైద్యుడికి చూపించాలి. పొరుగువారికి తగ్గిందని మందుల షాపులో స్టెరాయిడ్ ట్యూబు అడిగి కొనకూడదు. ఫంగస్ మీద అది రాస్తే పైకి తగ్గినట్టు కనిపించి లోపల వ్యాపిస్తుంది. మధుమేహం ఉన్నవారు చిన్న చీలికనైనా నిర్లక్ష్యం చేయకుండా ముందుగానే వెళ్లడం మంచిది.