మంజీరా ఒడ్డున వరదలు, కరువులు, మన చిన్న వ్యాపారాలు

ప్రతి ఏడు ఈ నివేదికలో పొదుపులు, అప్పులు, వసూళ్ల లెక్కలు రాసుకుంటున్నాం. ఈసారి కొంచెం వెనక్కి పోయి, మన ప్రాంతం చూసిన ఆపదల సంగతి కూడా రాయాలనుకున్నాం. 2025 ఆగస్టు 27, వినాయక చవితి నాటి వాన మనలో ఎవరం మరిచిపోలేదు. రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా పడ్డది. కామారెడ్డి పట్నంలో కాలనీలు మునిగినయి, రోడ్లు తెగినయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకపోయింది. పండుగ బేరానికని సరుకు నింపుకున్న దుకాణాల గతి ఏమైందో వేరే చెప్పాలా?

ఆ రెండు రోజులు అందరి కన్ను పోచారం కట్ట మీదనే ఉండె. 1922లో పూర్తయిన కట్ట అది. అంత వరద పొంగి పొర్లినా నిలబడ్డది. వందేళ్ల కిందటోళ్ల పని మీద నమ్మకం కలిగిన మాట నిజమే. కానీ అదే కాలంలో కట్టిన ఇంకో ప్రాజెక్టు మనకు వేరే సంగతి చెప్తుంది.

నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఏడో నిజాం కాలంలో ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో కట్టింరు. అప్పుడు దాంట్లో 29 టీఎంసీలకు పైగా నీళ్లు పట్టేటివి. మంజీరా ఏటేటా తెచ్చి పోసిన ఒండ్రుతో 1970ల నాటికి అందులో సగం జాగా కూడా మిగల్లేదు. తర్వాత నీటిమట్టం పెంచితే ఇప్పుడు 17.8 టీఎంసీల దగ్గర ఉంది. కట్ట తెగలేదు, గేట్లు విరగలేదు. అడుగున ఎవరికీ కనబడకుండా పూడిక పేరుకుంది, అంతే. 2015–16 కరువులో సింగూరు, నిజాంసాగర్ రెండూ అడుగంటినప్పుడు చెరుకు రైతు నుంచి చాయ్ హోటల్ అక్క దాకా అందరికీ దెబ్బ తగిలింది. నీళ్లు లేని ఏడు పంట ఉండదు, పంట లేని ఏడు మన దుకాణంలో బేరం ఉండదు.

మరి మన ముందటి ఆడవాళ్లు ఏం చేసింరు? మంజీరాకు ఆవల జహీరాబాద్ దిక్కు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళల కథ అందరం తెలుసుకోవాలె. ఎక్కువమంది దళిత కుటుంబాల ఆడవాళ్లే. 1990లలో పడావు పడ్డ భూములను సాగులోకి తెచ్చి జొన్నలు పండించింరు. తీసుకున్న అప్పు పైసల్లో కాదు, జొన్నల్లో కట్టింరు. ఆ గింజలను ఊర్లోనే నిల్వ పెట్టి, పనులు దొరకని నెలల్లో పేదిండ్లకు తక్కువ ధరకు ఇచ్చింరు. విత్తనాలను బూడిద, వేపాకు కలిపి ఇంట్లనే దాచింరు. కరువొచ్చినంక అప్పు కోసం తిరుగుడు కాదు, కరువు రాకముందే గింజ దాచుడు వాళ్ల పద్ధతి.

మన సంఘాల దారి వేరు. 1980లలో డ్వాక్రా వచ్చింది, 1992 నుంచి బ్యాంకు లింకేజీ, 2011 తర్వాత స్త్రీనిధి. అప్పు పుట్టించుడు మనకు బాగా వచ్చింది, దాన్ని మేము తక్కువ చేయం. 2020 లాక్‌డౌన్‌లో అన్ని బేరాలు బందైతే మిషన్ల ముందు కూసుండి మాస్కులు కుట్టింది మన సంఘాలోళ్లే. కానీ ఆపద తర్వాత దొరికే అప్పు పాత అప్పు మీద ఇంకో వాయిదా అయి కూసుంటది. ఈ మాట సమావేశాల్లో ఎవరూ గట్టిగా అనరు. ఇక్కడ రాస్తున్నాం.

వరదలో సరుకు పోయిన ఒక అక్క చెప్పింది, బియ్యం బస్తాలు పోయినందుకు కాదట, ఉద్దెర పుస్తకం నానిపోయినందుకు ఏడ్చిందట. ఎవరు ఎంత బాకీయో ఆ పుస్తకంలనే ఉండె. కొందరు గుర్తు పెట్టుకొని ఇచ్చింరు, కొందరు ఇయ్యలేదు. ఫోన్‌లో వారానికోసారి ఆ పేజీల ఫోటో తీసి బిడ్డకు పంపి ఉంటే అయిపోవు. సరుకు కొన్న బిల్లులు, మిషన్ రసీదు, దుకాణం లోపలి ఫోటో కూడా అట్లనే పంపి ఉంచాలె. నష్టం అడగపోయినప్పుడు మొదట అడిగేది అవే.

ఇంకొక చెల్లె తనకు బీమా ఉందనే ధైర్యంతో ఉండె. ఉన్నది అప్పుతో పాటు వచ్చిన ప్రాణ బీమా. మనిషికి ఏమన్నా అయితే అప్పు తీరుతది గానీ, తడిసిన కుట్టు మిషన్లకు, గుడ్డలకు అందులో పైసా రాదు. తప్పు ఆమెది ఒక్కదానిదే కాదు, సంఘంలో మనమెవరం ఆ కాగితం చదివి చెప్పలేదు. దుకాణం, మిషన్లు, సరుకు కలిపి 5 కోట్ల లోపు విలువ ఉన్న వ్యాపారాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే పాలసీ ఉంది. అగ్గి ప్రమాదంతో పాటు వరద, తుఫాను, ముంపు కూడా దాంట్లకు వస్తయి. ఏటేటా రెన్యువల్ చేయాలె. సరుకు పెరిగితే పాలసీలో రాసిన విలువా పెంచాలె. పదేండ్ల కింద రాయించిన విలువతో ఇయ్యాల్టి సరుకు నష్టం పూడదు.

గిర్ని, ఫ్రిజ్, మిషన్ మోటారు నేల మీది నుంచి రెండు మూడు అడుగులు ఎత్తున పెట్టుడు చాలామందికి సాధ్యమే, ఇటుకలతో గద్దె కడితే చాలు. కిరాయి షట్టర్లలో ఉన్నోళ్లకే కష్టం, యజమాని ఒప్పుకోవాలె. పిండివంటలు, పచ్చళ్లు చేసేటోళ్లు పండుగ సరుకంతా ఒక్కచోటనే పెట్టకుండా సగం ఇంకో సభ్యురాలి ఇంట్లో పెట్టుకోవచ్చు. అయితే ఆ ఇల్లు కూడా అదే వాగు పక్కన ఉంటే లాభం లేదు.

జూన్ నెల వానలు మొదలుకాకముందు జరిగే గ్రామ సంఘం సమావేశాల్లో ఈ లెక్క ఒకసారి తీద్దాం: ఎవరి పాలసీ ఎప్పుడు ముగుస్తుంది, ఎవరి పుస్తకానికి ఫోటో లేదు, ఎవరి మోటారు నేల మీద ఉంది. మినిట్స్ పుస్తకంలో పొదుపు లెక్క కిందనే రాసుకుందాం. ఆ మినిట్స్ పుస్తకానికి కూడా ఒక ఫోటో తీసి ఉంచుదాం.