క్యూబ్‌శాట్: మాటమాటకూ వివరణ

క్యూబ్‌శాట్: 1999లో కాలిఫోర్నియాలో ఇద్దరు ఆచార్యులు, కాల్ పాలీకి చెందిన జోర్డీ పూచ్-సువారీ, స్టాన్‌ఫర్డ్‌కు చెందిన బాబ్ ట్విగ్స్ ఖరారు చేసిన కొలత. విద్యార్థి చదువు ముగిసేలోపే తన ఉపగ్రహం ఎగరాలని వాళ్ల పట్టుదల. పదేళ్లు పట్టే పెద్ద ఉపగ్రహమైతే, మొదలుపెట్టిన పిల్లలు దాని గొంతు వినకుండానే కాలేజీ దాటిపోతారు.

ఒక యూనిట్: 10 సెంటీమీటర్ల ఘనం. బరువు కిలో దాటకూడదని మొదట్లో నియమం, తర్వాత సడలించారు. లోపల ఏ కెమెరా, ఏ రేడియో పెట్టుకోవాలన్నది జట్టు ఇష్టం. బయటి కొలతలో మాత్రం అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఒప్పుకోరు. ఈ కట్టుబాటే విద్యార్థులకు రాకెట్ తలుపు తెరిచిందని నా గట్టి నమ్మకం. ఎందుకో కింది మాటలో తెలుస్తుంది.

పీ-పాడ్: ఆ కొలతకే అచ్చంగా చేసిన, మూడు యూనిట్లు పట్టే అల్యూమినియం పెట్టె, వెనక స్ప్రింగు. కక్ష్యకు చేరాక తలుపు తెరుచుకుంటుంది, స్ప్రింగు ఘనాలను బయటికి నెడుతుంది. కోట్లు పోసి పెద్ద ఉపగ్రహం చేయించుకున్నవారు, పక్కన విద్యార్థుల పరికరం ఉందంటే భయపడతారు కదా! ఇందులో ఏ స్క్రూ ఊడినా పెట్టెలోనే పడి ఉంటుంది. ఆ భరోసాతోనే రాకెట్‌లో చోటు దొరుకుతుంది.

పట్టాలు: ఘనం నాలుగు అంచులు. పెట్టెలో జారేది వీటి మీదే. శూన్యంలో లోహానికి లోహం ఒత్తుకుంటే అతుక్కుపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆనోడైజింగ్, అంటే పైన గట్టి ఆక్సైడ్ పొర ఏర్పరచడం, తప్పనిసరి.

మీట, అరగంట: పెట్టెలో ఉన్నంతసేపూ మీట నొక్కుకుని ఉంటుంది, కరెంటు పారదు. బయటపడగానే కంప్యూటర్ మేలుకుంటుంది. అయినా అరగంట దాకా యాంటెన్నా విప్పకూడదు, పక్కవాటికి తగులుతుంది. ఆ యాంటెన్నా చాలా జట్ల దగ్గర దర్జీల టేపు కాదు, వడ్రంగి వాడే స్టీలు టేపులోంచి కత్తిరించిన ముక్కే. మడిచి నైలాన్ దారంతో కట్టేస్తారు. దారానికి చుట్టిన నిక్రోమ్ తీగ వేడెక్కితే దారం తెగి, టేపు టప్పున నిటారుగా లేస్తుంది. తెగకపోతే ఏళ్ల శ్రమంతా మూగబోయినట్టే. అందుకే మంచి జట్టు ఈ దారాన్ని చలిలో, శూన్యపు గదిలో మళ్లీ మళ్లీ కాల్చి చూస్తుంది.

బీకన్: ‘నేనున్నాను’ అని ఉపగ్రహం పదేపదే పంపే చిన్న సంకేతం. తొలి క్యూబ్‌శాట్లు 2003 జూన్ 30న రష్యాలోని ప్లెసెట్‌స్క్ నుంచి ఎగిరాయి. వాటిలో టోక్యో విశ్వవిద్యాలయ విద్యార్థుల ఎక్స్‌ఐ-4 బీకన్‌ను హామ్ రేడియో వాళ్లు ఏళ్ల తరబడి విన్నారు.

జట్టు: మన స్టడ్‌శాట్‌ను బెంగళూరు, హైదరాబాద్ ప్రాంతాల ఏడు ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు కలిసి చేశారు. కిలోకు లోపే బరువు; ఎత్తు కాస్త ఎక్కువైనా ఈ కోవలోదే. 2010 జూలై 12న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ15 మీద వెళ్లింది. ఇలాంటి జట్లలో ఏటా సీనియర్లు వెళ్లిపోతారు. ఏ స్క్రూ ఎంత బిగించారో, ఏ పరీక్షలో ఏది ఎందుకు పాడైందో రాసిపెట్టి వెళ్తేనే జూనియర్లు పని అందుకోగలరు.