నరసాపురం లేసు ఎవరి వ్యాపారం?

మేజోళ్లు అల్లే యంత్రాన్ని విలియం లీ 1589లోనే ఇంగ్లండులో తయారుచేశాడు. క్రోషే లేసుకు మాత్రం అసలైన యంత్రం నేటికీ లేదు. కొక్కెం సూదితో దారం లాగి, ఒక ముడిలోంచి మరో ముడి తీస్తూ చేత్తో అల్లుకుపోవాల్సిందే. అందుకే నరసాపురంలో ఈ పరిశ్రమ కార్ఖానాల్లో కాక ఇళ్ల వసారాల్లో పెరిగింది.

బట్టల వర్తకం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పక్కనున్న మాధవాయిపాలెంలో 17వ శతాబ్దంలోనే ఇంగ్లీషువాళ్ల వర్తక స్థావరం ఉండేది. ఆ ఊరి పేరుతోనే 'మడపొలం' గుడ్డ యూరపు బజారెక్కింది.

లేసు తర్వాత వచ్చింది. స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844లో ఇక్కడి స్త్రీలకు ఈ పని నేర్పారని చెబుతారు. మొదట నేర్చుకున్నది క్రైస్తవం పుచ్చుకున్న పేద దళిత కుటుంబాల ఆడవాళ్లు. ఆ తర్వాత ఘోషా పాటించే కాపు ఇళ్లలోకీ పాకింది. గడప దాటకుండా నాలుగు డబ్బులు కళ్లజూసే దారి మరి వాళ్లకు ఇంకేముంది?

నరసాపురం, పాలకొల్లు ఎగుమతి సంస్థలు చాలావరకు కుటుంబ వ్యాపారాలు. దారం వాళ్లది, డిజైను వాళ్లది. ఏజెంటు దారాన్ని ఊళ్లకు తెచ్చి పంచుతాడు. పువ్వులు అల్లడం 'చేతిపని'. అల్లిన పువ్వులను కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేయడం 'అతుకుపని'. ఒకే దుప్పటిలో ఎన్నో ఇళ్ల పువ్వులు ఉంటాయి. పువ్వు అల్లిన మనిషికి ఆ దుప్పటి ఏ దేశం వెళ్లిందో, ఎంతకు అమ్ముడైందో తెలియదు.

జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఇక్కడికొచ్చి పరిశోధన చేసి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్' ప్రచురించారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా చేతికి రూపాయి కూడా రాని రోజులవి. వ్యాపారులు దాన్ని తీరిక వేళల కాలక్షేపమనేవారు. వంటా వార్పూ ముగించుకుని, దీపం వెలుగులో కళ్లు పొడుచుకుని చేసే పనిని కాలక్షేపమనడం అన్యాయం. లెక్కల్లో వాళ్లు కార్మికులు కారు, గృహిణులు. ఆ ఒక్క మాట చాటునే కూలి తక్కువగా ఉండిపోయింది. ఎగుమతి కుటుంబాలు కొనుగోలుదార్లను వెతికాయి, పెట్టుబడి పెట్టాయి, నిజమే. కానీ సరుకు పుట్టింది ఈ ఆడవాళ్ల వేళ్ల మీద.

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. కూలి రేటును మాత్రం ఎగుమతిదారు, ఏజెంటు, కొనేవాడు కలిసి పెంచాలి.