కంఠంలో ఆగిన అక్షరం

జంషెడ్‌పూర్ 1919లో ఆ పేరు పొందడానికి ముందు సాక్చి అనే పల్లె. ఉక్కు కర్మాగారంలో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ అనేకం. వారి చుట్టుపక్కల వినవచ్చే సంతాలీ, హో, ముండారీ భాషలు మన ద్రావిడ కుటుంబానికి చెందినవి కావు. శ్రీకాకుళం కొండలలోని సవర భాషకు దాయాదులు. ఈ భాషలన్నిటా ఒక విలక్షణమైన ధ్వని ఉన్నది. పండితులను అది చాలాకాలం తికమకపెట్టింది.

సంతాలీలో నీటిని 'దాక్' అంటారు. హో భాషలో అదే 'దాః'. నిజానికి ఈ రెండు రాతలూ తప్పే. సంతాలీ మాట చివరి కకారం పలికే క్షణంలోనే కంఠద్వారం మూసుకుంటుంది. ధ్వని పైకి విడుదల కాదు. ఇక మన విసర్గలో ఊపిరి బయటికి పోతుంది. హో మాట చివర ఊపిరి ఆగుతుంది. గ్రియర్సన్ భాషా సర్వేక్షణ నాలుగవ సంపుటం (1906) ఇటువంటి ధ్వనులను అర్ధహల్లులుగా వర్ణించింది. నార్వే మిషనరీ బోడింగ్ 1922లో వెలువరించిన సంతాలీ వ్యాకరణ గ్రంథపు తొలి భాగాన్ని ప్రధానంగా ధ్వనుల చర్చకే కేటాయించాడు. జంషెడ్‌పూర్‌కు దక్షిణాన మయూర్‌భంజ్‌లో జన్మించిన రఘునాథ్ ముర్ము 1925లో రూపొందించిన ఓల్ చికి లిపి ఈ చిక్కును లోపలినుంచి విప్పింది. పదాంతంలో బిగబట్టిన కకారానికీ, అచ్చు తోడైనప్పుడు దాని స్థానంలో తేలే గకారానికీ అందులో అక్షరం ఒక్కటే. విన్నవాడికి రెండుగా తోచినది పలికేవాడికి ఒకటే గదా!

లిపికి లొంగని ధ్వనులు అనగానే ఆఫ్రికాలోని క్లిక్ భాషలు స్ఫురిస్తాయి. జాలిపడినప్పుడు మనం నాలుకతో చేసే చప్పుడు అటువంటిదే. దానిని 'ప్చ్' అని రాసుకుని తృప్తిపడతాము. అక్కడ అది పూర్తి హల్లు. 1870లలో కేప్‌టౌన్‌లో బ్లీక్, లూసీ లాయిడ్ ఖైదీలుగా ఉన్న ఖామ్ భాషీయుల నోట విని వేల పుటలు నింపారు. ఆ పేరులోని తొలి క్లిక్‌ను మన లిపిలో రాయలేము. ఆ భాష అంతరించింది. 2000లో దక్షిణాఫ్రికా తన రాజచిహ్నంపై ఆ భాషా వాక్యాన్నే నినాదంగా చెక్కుకున్నది. మాతృభాషగా దానిని పలికేవారు మాత్రం లేరు.

ముండా భాషల ధ్వనులు క్లిక్‌లు కావు. కాని వాటిని పట్టుకోవడానికీ అంతటి చెవి అవసరమైంది. ఆ చెవి మన గిడుగు వేంకట రామమూర్తికి (1863–1940) ఉన్నది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, సవర మాట్లాడే వ్యక్తిని ఇంట పెట్టుకుని ఆయన ఆ భాష అభ్యసించాడు. సవర పిల్లలకు వాచకాలు రాశాడు, సొంత ఖర్చుతో బడి నడిపాడు. 1931లో మద్రాసులో అచ్చయిన ఆయన సవర వ్యాకరణం అట్టమీద భాష పేరు 'సో:ర:' అని అచ్చుల దీర్ఘత తెలిపే జంట చుక్కలతో ఉంటుంది. శీర్షికలోనే శాస్త్రం మొదలైనదన్నమాట! ఇంగ్లీషు–సవర నిఘంటువు 1933లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వచ్చాయి. వాడుకభాషా ఉద్యమ నాయకుడుగా మనము ఆయనను తలచుకుంటాము. ఆ వాదానికి అవసరమైన వినికిడి శిక్షణ సవర గూడేలలోనే లభించిందని నా అభిప్రాయం. మన్యపు జ్వరానికి తీసుకున్న క్వినైను వల్ల ఆయనకు చెవుడు వచ్చిందని జీవితకథలు చెబుతాయి. ధ్వనుల కోసం తిరిగినవాడు చెల్లించిన మూల్యం అది.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరాడు. అదే సంవత్సరం మంగెయ్ గొమాంగో సవరకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి కల్పించాడు.

సంతాలీ 2003 రాజ్యాంగ సవరణతో ఎనిమిదవ షెడ్యూలుకు ఎక్కింది. హో భాషకు లాకో బోద్రా కూర్చిన వారంగ్ చితి లిపి, జాన్ డీనీ 1975లో చాయిబాసాలో ప్రచురించిన వ్యాకరణం ఉన్నాయి. వీటికి దగ్గర చుట్టమైన బిర్హోర్ భాషకు అంతటి అండ దొరకలేదు. యునెస్కో పటం దానిని తీవ్ర ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చింది. బిర్ అంటే అడవి. మనిషిని ముండారీలో 'హొడొ', సంతాలీలో 'హొడ్' అంటారు. హో భాషలో నడుమ హల్లు జారిపోయి 'హో' మిగిలింది, అదే భాషకూ పేరైంది. ఆ జారుడు ఇప్పుడు మనకు తెలియడానికి కారణం, మూడు మాటలనూ ఎవరో సకాలంలో విని రాసిపెట్టడమే. బిర్హోర్ పెద్దలు తమ పేరులోని ఆ చివరి హల్లును ఇంకా పలుకుతున్నారు.