బండి ఎందుకు జారింది?

1930ల్లో బ్రిటన్ రోడ్ల మీద ఒక సైడ్‌కార్ మోటార్‌సైకిల్ తిరిగేది. దాని సైడ్‌కార్ చక్రాన్ని తిన్నగా కాకుండా కాస్త వంకరగా తిప్పి బిగించేవారు. బండి ముందుకు పోతుంటే ఆ చక్రాన్ని రోడ్డు ఎంత బలంగా పక్కకు నెడుతోందో కొలిచేవారు. నెట్టుడు తగ్గిందంటే అక్కడ టైరుకు పట్టు దొరకడం లేదన్నమాట. వాన పడితే ఏ రోడ్డు ఎంత జారుతుందో అంకెల్లో చెప్పడం అలా సాధ్యమైంది. బ్రిటన్‌లో రోడ్ల జారుడును కొలిచే స్క్రిమ్ యంత్రాలు నేటికీ అదే సూత్రం మీద నడుస్తున్నాయి.

రోడ్డు సంగతి అలా తేలింది. నడిపేవాడి సంగతి తేలడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది.

మోటార్‌సైకిల్‌కి రోడ్డును తాకేది రెండు చోట్లే, ఒక్కోచోటా అరచేతి పాటి రబ్బరు మాత్రమే. వేగం పెంచడం, బ్రేకు వేయడం, మలుపు తిరగడం అన్నీ ఆ కాస్త రబ్బరుకున్న పట్టులోంచే జరగాలి. మలుపులో బండి వాలినప్పుడు పట్టులో చాలా భాగం తిరగడానికే ఖర్చవుతుంది. అదే క్షణంలో బ్రేకు గట్టిగా నొక్కితే మిగిలింది చాలదు, చక్రం జారుతుంది. ఇక తిన్నగా పోతూ బ్రేకు వేస్తే బరువంతా ముందుకు ఒరుగుతుంది. ముందు టైరు రోడ్డును గట్టిగా అదుముకుంటుంది, వెనక టైరు తేలికవుతుంది. అందుకే బండిని ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. తేలికైన వెనక చక్రం మాత్రం కాలితో కాస్త గట్టిగా తొక్కగానే తిరగడం మానేసి ఈడ్చుకుపోతుంది.

అయినా ముందు బ్రేకంటే భయం పాతది. తొలినాటి మోటార్‌సైకిళ్లలో చాలావాటికి ముందు బ్రేకు నామమాత్రమే. మట్టిరోడ్ల మీద దాన్ని నమ్ముకున్నవాడు పడిపోయిన సందర్భాలు నిజంగానే ఉండి ఉంటాయి. 1969లో హోండా సీబీ750 ముందు చక్రానికి హైడ్రాలిక్ డిస్క్ బ్రేకుతో వచ్చింది. బ్రేకు మారింది కానీ అలవాటు మారలేదు. మన ఊళ్లలో కొత్తగా బండి నేర్చుకునే కుర్రాడికి ఈరోజుకీ మొదట వినిపించే మాట, ‘ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతావ్’ అనే.

ఈ భయం వల్ల జరిగే నష్టాన్ని లెక్కలతో చూపించినవాడు హ్యారీ హర్ట్. అమెరికా నౌకాదళ పైలట్ల కోసం విమాన గతిశాస్త్రం మీద పుస్తకం రాసిన మనిషి, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ ఆచార్యుడు. ఆయన బృందం లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో ప్రమాదం జరిగిన చోటికే వెళ్లి టైరు గీతలు, ఒరిపిడి గుర్తులు కొలిచి 900 ప్రమాదాలను పరిశీలించింది. దానికి తోడు 3,600 పోలీసు రిపోర్టులు చదివింది. 1981లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం నాలుగింట మూడొంతులు వేరే వాహనంతో ఢీకొన్నవే. మిగతా పావువంతులో, అంటే బండి ఒంటరిగా పడిపోయినవాటిలో, మూడింట రెండొంతులకు కారణం నడిపేవాడి పొరపాటే. అతిగా బ్రేకు వేసి జారిపోవడం, మలుపులో వేగం ఎక్కువై రోడ్డు దాటిపోవడం అందులో మామూలు. మొత్తం ప్రమాదాల్లో రోడ్డు లోపం కారణమైనవి రెండు శాతమే. వెనక బ్రేకును అతిగా తొక్కి చక్రం ఈడ్పించినవాళ్లు, ముందు బ్రేకును సరిపడా వాడనివాళ్లు పదేపదే కనిపించారు. ప్రమాదానికి గురైనవాళ్లలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లు. ఆపద కనిపించాక తేరుకోవడానికి వాళ్లకు దొరికిన సమయం రెండు సెకన్లు కూడా లేదు.

రెండు సెకన్లలో భయపడిన చెయ్యి కొలతగా బ్రేకు వేయడం కష్టం. ఆ పని యంత్రానికి అప్పగించవచ్చని బ్రిటన్‌లో ముందే తెలుసు. విమానాల చక్రాలు బిగుసుకుపోకుండా డన్‌లప్ కంపెనీ చేసిన మాక్సారెట్ పరికరాన్ని 1958లో రోడ్ రీసెర్చ్ లేబరేటరీ రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్‌కి అమర్చి పరీక్షించింది. ఫలితాలు బాగున్నాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ సాంకేతిక అధిపతికి మాత్రం అందులో భవిష్యత్తు కనిపించలేదు. అలా ముప్ఫై ఏళ్లు పోయాయి. 1988లో బీఎండబ్ల్యూ తన కే100 బండికి ఏబీఎస్ పెట్టి అమ్మకానికి తెచ్చింది. పరికరం బరువే దాదాపు 11 కిలోలు. చక్రం తిరగడం ఆగిపోబోతోందని గుర్తించగానే బ్రేకు ఒత్తిడిని వదిలి, మళ్లీ పట్టడం దాని పని. తర్వాత అమెరికాలో జరిగిన పోలికల్లో ఏబీఎస్ ఉన్న బండ్లకు ప్రాణాంతక ప్రమాదాలు ఐదోవంతుకు పైగా తక్కువని తేలింది.

మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. అంతకంటే చిన్న బండ్లకు రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ ఉన్నా చాలన్నారు. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగేవి ఆ చిన్న బండ్లే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే.

పైగా లేని పట్టును ఏబీఎస్ పుట్టించలేదు. కోతల కాలంలో తారురోడ్డు మీద ఆరబోసిన వడ్లు టైరు కింద గింజ గింజా దొర్లుతాయి. ట్రాక్టరు చక్రాల నుంచి రాలిన బురద, లారీ నుంచి ఒలికిన ఇసుక, తొలకరి చినుకులకు నూనె మరకలు తేలిన కూడలి, అన్నీ అంతే. అలాంటి చోట బండి వాల్చకుండా, బ్రేకు ముందే వేసి, నెమ్మదిగా తిన్నగా దాటడం ఒక్కటే దారి.

లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె గీయించి పంపేస్తే చాలదు. వేగంగా వస్తూ రెండు బ్రేకులూ కలిపి, ముందు బ్రేకును ఒక్కసారి గుంజకుండా క్రమంగా బిగిస్తూ తిన్నగా ఆపడం రవాణా శాఖ నేర్పించాలి, పరీక్షించాలి. అది జరిగేదాకా కొత్త బండి కొనిచ్చే ప్రతి ఇంటివాళ్లూ తాళం చేతికిచ్చే ముందు పిల్లల్ని ఖాళీ మైదానానికి తీసుకెళ్లి, హెల్మెట్ పెట్టించి, తక్కువ వేగంతో మొదలుపెట్టి ఈ ఒక్క పనీ నేర్పించాలి.