పుట్టిన చోటే వరుస: అమెరికా శాశ్వత నివాసానుమతి నిరీక్షణ చరిత్రలో భారతీయులు, తెలుగువారు (1917–2022)

ఉపోద్ఘాతం

తెలుగు డయాస్పోరా సాహిత్యంపై జరిగే చర్చల్లో ప్రవాస జీవితం సాధారణంగా రెండు కొసల మధ్య వివరింపబడుతుంది. ఒక కొసన విడిచి వచ్చిన ఊరు, మరొక కొసన స్థిరపడిన దేశం. ఈ రెండింటి నడుమ దీర్ఘమైన మూడవ స్థితి ఒకటి ఉంది. ఆ స్థితిలో ఉన్నవారికి పనిచేయడానికి అనుమతి ఉంటుంది కాని ఉండిపోవడానికి అనుమతి ఉండదు. దరఖాస్తుదారు అర్హుడని ప్రభుత్వమే అంగీకరించినా నివాస పత్రం మాత్రం చేతికి రాదు. అమెరికాలోని లక్షలాది భారతీయ కుటుంబాలు, వాటిలో పెద్ద సంఖ్యలో తెలుగు కుటుంబాలు, ఈ స్థితిలోనే సంవత్సరాలు గడుపుతున్నాయి.

ఈ నిరీక్షణను కార్యాలయాల జాప్యంగా భావించడం పరిపాటి. చట్టాల చరిత్రను పరిశీలిస్తే ఆ అభిప్రాయం నిలవదు. దరఖాస్తును పరిశీలించడానికి పట్టే కాలం వేరు, పరిశీలన ముగిసిన తరువాత వరుసలో నిలబడే కాలం వేరు. రెండవదానికి మూలం వ్యక్తిని అతని పుట్టిన చోటుతో కొలిచే చట్టసూత్రం. ఆ సూత్రం 1917లో నిషేధంగా, 1946లో స్వల్పమైన కోటాగా, 1965 తరువాత సమాన పరిమితిగా రూపాలు మార్చుకుంది. 2000 తరువాత వచ్చిన సంస్కరణలు నిరీక్షణను తగ్గించడానికి బదులు దానిని భరించదగినదిగా చేశాయని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

నిషేధ యుగం: 1917–1946

అమెరికా పౌరసత్వాన్ని 1790 నాటి చట్టం స్వేచ్ఛగల శ్వేతజాతీయులకు పరిమితం చేసింది. 1870లో ఆఫ్రికా సంతతివారికి కూడా ఆ హక్కు లభించింది. ఆసియావాసులు ఈ రెండు వర్గాలకూ వెలుపల మిగిలారు. 1917 వలస చట్టం భారతదేశంతో సహా ఆసియాలోని విశాల భూభాగాన్ని నిషిద్ధ మండలంగా ప్రకటించింది. విద్యార్థులు, వైద్యులు, ఉపాధ్యాయులు, వర్తకులు మొదలైన కొన్ని వర్గాలకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు ప్రవేశానికి దారి ఇచ్చిందే తప్ప పౌరసత్వానికి అర్హత ఇవ్వలేదు.

1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు చట్టం దృష్టిలో శ్వేతజాతీయులు కారని తీర్పు చెప్పింది. మానవశాస్త్ర వర్గీకరణ ఎలా ఉన్నా, సామాన్యుడు ఆ మాటను అర్థం చేసుకొనే తీరే ప్రమాణమని ధర్మాసనం భావించింది. అంతకుముందే పౌరులైన పలువురు భారతీయుల పౌరసత్వాన్ని ప్రభుత్వం ఈ తీర్పు ఆధారంగా రద్దు చేయించింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసుకొంటూ 1921లో పౌరుడైన వైష్ణో దాస్ బగాయ్ వారిలో ఒకరు. పౌరసత్వం పోవడంతో కాలిఫోర్నియా భూచట్టాల ప్రకారం ఆస్తి హక్కూ పోయింది. భారతదేశం వెళ్లి రావడానికి అమెరికా పాస్‌పోర్టు కూడా ఆయనకు దక్కలేదు. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఒకసారి ఇచ్చిన అనుమతిని కూడా రాజ్యం వెనక్కు తీసుకోగలదన్న వాస్తవానికి ఈ ఉదంతం తొలి తార్కాణాలలో ఒకటి.

తెలుగువారి చరిత్రకు ఈ దశతో ముడివేసే ప్రముఖ వ్యక్తి యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యవిద్య అభ్యసించిన ఆయన 1920ల ఆరంభంలో బోస్టన్ చేరారు. ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. 1930లో హార్వర్డ్ నుండి డాక్టరేటు పొందిన ఆయన 1940లో లెడర్లీ పరిశోధనశాలలో చేరి పరిశోధన విభాగానికి సారథ్యం వహించారు. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ వంటి ఔషధాల చరిత్రలో ఆయన స్థానం సుప్రసిద్ధం. ఆయన లెడర్లీలో చేరిన 1940లోనే విదేశీయుల నమోదు చట్టం వచ్చింది. పద్నాలుగేళ్లు నిండిన ప్రతి విదేశీయుడూ పేరు నమోదు చేయించుకొని వేలిముద్రలు ఇవ్వాలన్న ఆ నియమం ఆ దేశంలో దాదాపు రెండు దశాబ్దాలుగా ఉంటున్న శాస్త్రవేత్తకూ వర్తించింది. 1946లో భారతీయులకు పౌరసత్వార్హత కలిగింది. అయినా ఆయన 1948 ఆగస్టులో మరణించేనాటికి అమెరికా పౌరుడు కాలేదు. ప్రతిభకు తలుపు తెరిచి, ఆ ప్రతిభావంతుని సభ్యత్వానికి మూసి ఉంచే విధానం ఎంత పాతదో ఈ జీవితం చెబుతుంది.

నేటి గ్రీన్ కార్డుకు పూర్వరూపం కూడా ఆ నమోదు రసీదే. యుద్ధానంతరం శాశ్వత నివాసులకు ఐ-151 అనే ఆకుపచ్చ పత్రం ప్రత్యేకంగా వాడుకలోకి వచ్చింది. 1964లో దాని రంగు మారినా పేరు మారలేదు. తెలుగు వాడుకలో ఈనాడు పెళ్లి సంబంధాల అంచనాలో సైతం వినిపించే ఈ మాట విదేశీయులపై నిఘాకు పుట్టిన ఒక కాగితం నుండి వచ్చిందన్నది గమనించదగినది.

కోటా నుండి సమాన పరిమితికి: 1946–1990

1946 జులై 2న ఆమోదం పొందిన లూస్–సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వార్హతను, ఏడాదికి 100 మంది కోటాను ఇచ్చింది. 1952 చట్టం పౌరసత్వానికి జాతి అడ్డంకిని పూర్తిగా తొలగించింది. కాని ఆసియా సంతతివారిని వారు ఏ దేశంలో పుట్టినా పూర్వికుల దేశపు కోటాలోనే లెక్కించింది. ఇతరులకు జన్మస్థలం ప్రమాణం కాగా, ఆసియావాసులకు మాత్రం వంశం ప్రమాణమయింది.

ఈ భేదాన్ని 1965 అక్టోబరులో వచ్చిన హార్ట్–సెల్లర్ చట్టం రద్దు చేసింది. తూర్పు గోళార్ధానికి ఏడాదికి 1,70,000 వీసాలు కేటాయించి, ఏ దేశానికైనా 20,000 మించరాదని నిర్దేశించింది. దేశమేదైనా గరిష్ఠ పరిమితి ఒక్కటే. చిన్న దేశానికీ భారతదేశానికీ ఒకే కొలత. 1924 నాటి జాతిమూల కోటాలతో పోల్చితే ఇది నిస్సందేహంగా సమానత్వ సాధనే. ఏడాదికి 100 మంది స్థానంలో 20,000 మందికి అవకాశం రావడం భారతీయులకు విశాలమైన ద్వారం తెరిచింది. ఆంధ్ర, గుంటూరు, ఉస్మానియా వైద్య కళాశాలల పట్టభద్రులు, ఇంజనీరింగ్ ఉన్నత విద్యార్థులు ఈ దశలోనే చెప్పుకోదగిన సంఖ్యలో అమెరికాలో స్థిరపడ్డారు. 1971లో న్యూయార్క్ ప్రాంతంలో తెలుగు సాహిత్య సాంస్కృతిక సంఘం, ఆ దశాబ్దం చివరలో తానా ఏర్పడటానికి ఈ తరమే పునాది. విదేశీ వైద్యుల ప్రవేశంపై 1976లో ఆంక్షలు వచ్చినా, అప్పటికి పడిన పునాది చెదరలేదు.

ఈ తరం అనుభవంలో నిరీక్షణ లేకపోలేదు. అయితే అది తరువాతి తరం ఎరిగిన నిరీక్షణ కాదు. అందుకు కారణం చట్టం మరింత ఉదారంగా ఉండటం కాదు. తాత్కాలిక ఉద్యోగులుగా వచ్చేవారి సంఖ్యకూ, శాశ్వత నివాసానికి దొరికే సంఖ్యకూ మధ్య అప్పటికింకా పెద్ద అగాధం ఏర్పడలేదు.

రెండు ద్వారాలు: 1990 తరువాత

ఆ అగాధానికి చట్టపరమైన మూలం 1990 నవంబరు నాటి వలస చట్టంలో ఉంది. అది ఉద్యోగాధారిత శాశ్వత నివాసానికి ఏడాదికి 1,40,000 సంఖ్యను నిర్ణయించి, ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి పెట్టింది. అదే చట్టం హెచ్-1బి తాత్కాలిక వీసాను ప్రస్తుత రూపంలో ఏర్పరచి ఏడాదికి 65,000 పరిమితి విధించింది. హెచ్-1బిపై ఉన్నవారు తాత్కాలిక ఉద్యోగిగా ఉంటూనే స్థిరపడాలన్న ఉద్దేశం కలిగి ఉండవచ్చునని కూడా ఆ చట్టం అంగీకరించింది. లోపలికి వచ్చే ఈ ద్వారానికి దేశాలవారీ పరిమితి లేదు. స్థిరపడే ద్వారానికి ఉంది. ఒకే చట్టం వేర్వేరు వెడల్పులతో నిర్మించిన ఈ రెండు ద్వారాల నడుమ ఖాళీలోనే వరుస పెరిగింది.

1,40,000లో 7 శాతం 9,800. ఈ లెక్కలో ఉద్యోగి ఒక్కరే కాక జీవిత భాగస్వామి, పిల్లలు కూడా చేరతారు. ఇతరులు వాడుకోగా మిగిలిన సంఖ్యలు భారతీయులకు లభించే వీలున్నా అది ఏటికేడు మారే అదృష్టమే. మరోవైపు, 2010ల మధ్య నుండి ఏటా ఆమోదం పొందే హెచ్-1బి దరఖాస్తుల్లో మూడింట రెండు వంతులకు పైగా భారతదేశంలో జన్మించినవారివే.

దరఖాస్తు నడిచే క్రమం ఈ నిరీక్షణ స్వభావాన్ని స్పష్టం చేస్తుంది. మొదట యజమాని ఆ ఉద్యోగానికి అర్హుడైన అమెరికన్ దొరకలేదని కార్మిక శాఖ ధ్రువీకరణ పొందాలి. ఆ దరఖాస్తు దాఖలైన రోజే అభ్యర్థికి ప్రాధాన్య తేదీ అవుతుంది. తరువాత యజమాని ఐ-140 పిటిషన్ వేస్తాడు. అది ఆమోదం పొందితే అభ్యర్థి అర్హత తేలినట్లే. చివరి మెట్టయిన ఐ-485 దరఖాస్తుకు మాత్రం విదేశాంగ శాఖ నెలనెలా ప్రకటించే వీసా బులెటిన్‌లోని తేదీ అభ్యర్థి ప్రాధాన్య తేదీని దాటాలి. బులెటిన్‌లో తేదీ ముందుకు జరగవచ్చు, ఆగిపోవచ్చు, వెనక్కు కూడా పోవచ్చు. నెలలో చివరకు జరిగే పరిశీలన అంతా ఒక తేదీని మరొక తేదీతో సరిపోల్చడమే.

ఈ వరుసను నిర్ణయించేది పౌరసత్వం కాదు, జన్మస్థలం. గుంటూరులో పుట్టి కెనడా పౌరసత్వం పొందిన వ్యక్తి సైతం భారతదేశపు వరుసలోనే నిలబడాలి. అదే వ్యక్తి జీవిత భాగస్వామి కువైట్‌లో జన్మించి ఉంటే, ఇద్దరూ ఆ దేశపు లెక్కలో చేరి వరుస నుండి బయటపడవచ్చు. ఆ భాగస్వామి తల్లిదండ్రులు ఎన్నడో ఉద్యోగార్థం గల్ఫ్‌కు వెళ్లడం రెండు దశాబ్దాల తరువాత ఒక కుటుంబపు నిరీక్షణను తీర్చుతుంది. ఇందులో యోగ్యతకు ఏ పాత్రా లేదు.

నిరీక్షణకు చట్టబద్ధత

హెచ్-1బి కాలపరిమితి ఆరేళ్లు. వరుస ఆరేళ్లు దాటినప్పుడు రాజ్యం ముందు రెండు మార్గాలు నిలిచాయి: సంఖ్యను పెంచడం లేదా గడువును పెంచడం. 2000 అక్టోబరు నాటి చట్టం ప్రధానంగా రెండవ మార్గాన్ని ఎంచుకుంది. వరుసలో ఉన్నవారు ఆరేళ్లకు మించి హెచ్-1బిని పొడిగించుకోవచ్చు. ఐ-485 దాఖలై 180 రోజులు దాటితే అదే తరహా మరొక ఉద్యోగానికి మారవచ్చు. ఈ ఏర్పాట్లు లేకుంటే వేలాది కుటుంబాలు తిరుగుముఖం పట్టవలసి వచ్చేది. ఆ మేలు కాదనలేనిది. కాని దానితోనే తాత్కాలికత్వం ఎంతకాలమైనా సాగగల హోదాగా మారింది.

2002 నాటి పిల్లల హోదా రక్షణ చట్టం మరింత స్పష్టమైన ఉదాహరణ. 21 ఏళ్లు నిండిన బిడ్డ తల్లిదండ్రుల దరఖాస్తులో భాగం కాజాలదు. ఈ చట్టం పిటిషన్ పరిశీలనలో గడిచిన కాలాన్ని బిడ్డ వయసు నుండి తీసివేస్తుంది. వీసా సంఖ్య కోసం వరుసలో గడిచిన కాలాన్ని తీసివేయదు. కార్యాలయపు ఆలస్యానికి రాజ్యం బాధ్యత వహిస్తుంది, వరుసకు వహించదు. రెండు నిరీక్షణల భేదాన్ని చట్టమే ఇలా అంగీకరించింది. దాని ఫలితంగా పసితనంలో వచ్చి, అక్కడి బడుల్లో చదివి, తెలుగు మాట్లాడగలిగినా చదవలేని యువత 21వ ఏట తమ ఇంట్లోనే విదేశీ విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసుకోవలసి వస్తోంది.

2007 జులైలో విదేశాంగ శాఖ దాదాపు అన్ని ఉద్యోగాధారిత వర్గాలకూ దరఖాస్తు అవకాశం తెరిచి, జులై 2న దానిని ఉపసంహరించింది. వైద్యపరీక్షలు చేయించుకొని, కాగితాలు సిద్ధం చేసుకున్న దరఖాస్తుదారులు నిరసనగా వలస సేవల సంస్థ అధిపతికి వందలాది పూలగుత్తులు పంపారు. అంతకుముందటి ఏడాది వచ్చిన ‘లగే రహో మున్నాభాయ్’ హిందీ చిత్రం ప్రచారంలోకి తెచ్చిన గాంధీగిరి ఇందుకు ప్రేరణ. ఆ పూలను సైనిక ఆసుపత్రిలోని క్షతగాత్రులకు పంపించారు. జులై 17న ప్రభుత్వం నిర్ణయాన్ని మార్చుకొని ఆగస్టు 17 వరకు దరఖాస్తులు స్వీకరించింది. వారికి దక్కినది నివాసానుమతి కాదు, దరఖాస్తు చేసే అనుమతి మాత్రమే.

హెచ్-4 హోదాలోని జీవిత భాగస్వాములకు సంబంధించిన 2015 నియమం కూడా ఈ ధోరణిలోనిదే. ఐ-140 ఆమోదం పొందినవారి భాగస్వాములకు అది ఉద్యోగానుమతి ఇచ్చింది. అంతకుముందు ఇంజనీరింగ్, వైద్య పట్టాలున్న ఎందరో స్త్రీలు ఏళ్ల తరబడి ఇంటికే పరిమితమయ్యారు. అయినా ఈ హోదా ప్రధాన దరఖాస్తుదారు హోదాపై ఆధారపడినదే. ఆయన ఉద్యోగం పోయినా, ప్రాణం పోయినా దాని ఆధారం కూలుతుంది.

సంఖ్యలను మార్చే ప్రయత్నాలు మాత్రం సఫలం కాలేదు. ఉద్యోగాధారిత వర్గంలో దేశాలవారీ పరిమితిని తొలగించే బిల్లుకు 2019 జులైలో ప్రతినిధుల సభ 365–65 ఓట్లతో ఆమోదం తెలిపింది. 2020 డిసెంబరులో సెనేట్ వేరొక రూపాన్ని ఆమోదించింది. రెండూ ఏకం కాకుండానే ఆ సభల కాలం ముగిసింది. బిల్లుకు వచ్చిన అభ్యంతరాల్లో ఒకదానిని తేలికగా తీసుకోలేము. మొత్తం సంఖ్య పెంచకుండా పరిమితి తొలగిస్తే భారతీయుల నిరీక్షణ తగ్గి ఇతర దేశాలవారి నిరీక్షణ పెరుగుతుంది. కోవిడ్ కాలంలో వాడుకోని కుటుంబ వీసాల కారణంగా 2021 ఆర్థిక సంవత్సరంలో ఉద్యోగాధారిత సంఖ్య సుమారు 2,62,000కు చేరింది. అందులోనూ వేల సంఖ్యలో వీసాలు వినియోగం కాకుండా మురిగిపోయాయి. ఈ ఒక్క సందర్భంలో రెండు నిరీక్షణలు కలిశాయి: సంఖ్య దొరికినప్పుడు కార్యాలయం చాలలేదు.

తెలుగు కాగితాలు

జన్మస్థలమే ప్రమాణమైనప్పుడు దానిని నిరూపించే కాగితం కీలకమవుతుంది. జనన మరణాల నమోదుకు దేశవ్యాప్త చట్టం 1969లో వచ్చినా, గ్రామాల్లో ఇంటివద్ద జరిగిన కాన్పులు చాలాకాలం పుస్తకాలకు ఎక్కలేదు. బడిలో చేర్చేటప్పుడు వేయించిన తేదీయే పదవ తరగతి ధ్రువపత్రం ద్వారా పాస్‌పోర్టుకు చేరింది. దరఖాస్తు సమయంలో పంచాయతీ లేదా మునిసిపల్ కార్యాలయం నుండి నమోదు లభ్యం కాలేదన్న పత్రం, కాన్పు నాటికి ఊళ్లో ఉన్న పెద్దల ప్రమాణపత్రాలు జతచేయవలసి వస్తుంది.

తెలుగు పేరు మరొక చిక్కు. ఇంటిపేరు ముందు, పొడి అక్షరంగా రాసే అలవాటు అమెరికా పత్రాల్లోని వరుసకు లొంగదు. పాస్‌పోర్టులో ఒకే గడిలో పేరంతా ఉన్నవారికి మొదటి పేరు తెలియదని సూచించే ‘ఎఫ్.ఎన్.యు.’ అక్షరాలే పేరుగా స్థిరపడిన సందర్భాలున్నాయి. ఊరి రికార్డులో లేని జననాన్ని, గడిలో ఇమడని పేరును సరిచేయించే భారం ఎక్కువగా స్వగ్రామంలోని వృద్ధులైన తల్లిదండ్రులపై పడుతుంది. నిరీక్షణ చరిత్రలో వారూ భాగస్వాములే.

ముగింపు

నిషిద్ధ మండలం నుండి 7 శాతం వరకు సాగిన ఈ పరిణామాన్ని వివక్ష కొనసాగింపు అని మాత్రమే అనడం న్యాయం కాదు. 1965 చట్టం సమానత్వాన్ని ఆశించింది, దానిని కొంత సాధించింది కూడా. కాని ఆ సమానత్వం దేశాల మధ్య సమానత్వం, మనుషుల మధ్య సమానత్వం కాదు. ఈ రెండింటి తేడాయే నేటి వరుస. వరుస పొడవును తాకకుండా, అందులో నిలబడినవారికి నీడ కల్పించడం 2000 తరువాతి సంస్కరణల లక్షణం.

తెలుగు డయాస్పోరా రచనల అధ్యయనానికి ఈ చరిత్ర అవసరం. అమెరికా తెలుగు కథల్లో కనిపించే అభద్రత, వాయిదా పడే ప్రయాణాలు, ఉద్యోగం వదలలేని నిస్సహాయత కేవలం మనఃస్థితులుగా విశ్లేషణకు వస్తున్నాయి. వాటి వెనుక ఒక ప్రాధాన్య తేదీ ఉంది. పాత్ర స్వభావంగా తోచే సంకోచం చాలా సందర్భాల్లో చట్టం విధించిన స్థితి. ఆ స్థితిని గుర్తించిన విమర్శకే యల్లాప్రగడ సుబ్బారావు నాటి ప్రవాసానికీ నేటి ప్రవాసానికీ మధ్య తెగని బంధం కనిపిస్తుంది.